‘ఇంకా ఒక్కటి మిగిలింది’: సర్క్యూట్ బోర్డు డిజైన్‌లో కలవని కనెక్షన్‌ను పట్టుకోవడం ఎలా?

రాత్రి పదకొండు దాటింది. ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని హాస్టల్ గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఉందనుకుందాం. పొలంలో నేల తేమను కొలిచి, తడి ఎప్పుడు పెట్టాలో రైతుకు సెల్‌ఫోన్‌లో చెప్పే చిన్న పరికరం ఆమె ప్రాజెక్టు. దానికి కావలసిన సర్క్యూట్ బోర్డును పది రోజులుగా గీస్తోంది. తెల్లవారితే ఫైళ్లను తయారీదారుకు పంపాలి. కానీ తెర అడుగున కనిపిస్తున్న ఒక అంకె ఆమెను కదలనివ్వడం లేదు. ఇంకా కలపవలసిన కనెక్షన్లు: 1.

బోర్డంతా వెతికింది. గీతలన్నీ కలిసే ఉన్నాయి. కంటికి ఏ లోపమూ కనిపించడం లేదు. అయినా లెక్క సున్నాకు రావడం లేదు.

ఇలాంటప్పుడు మనసుకు రెండు దారులు తోస్తాయి. సాఫ్ట్‌వేరే పొరబడి ఉంటుందిలే అని ఫైళ్లు పంపేయడం ఒకటి. ఆ ఒక్కటి ఎక్కడుందో తేలేదాకా ఆగడం రెండోది. మొదటి దారి పట్టినవారి చేతికి కొన్ని రోజుల తర్వాత అందేది పనిచేయని బోర్డు కావచ్చు. అంతకన్నా ప్రమాదకరంగా, పనిచేస్తున్నట్టే కనిపిస్తూ తప్పు లెక్క చెప్పే బోర్డూ కావచ్చు. తేమను కొలిచే సెన్సర్‌కు గ్రౌండ్ కనెక్షన్ అందకపోతే, అది మౌనంగా ఉండిపోకుండా ఏదో ఒక అంకె చూపవచ్చు. ఆ అంకెను నమ్మి రైతు మోటారు వేస్తాడు, లేదా వేయడం మానేస్తాడు.

సర్క్యూట్ బోర్డు డిజైన్ నేర్చుకునే వారందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఈ చిక్కు ఎందుకు వస్తుంది? దాన్ని ఎలా విప్పాలి?

రేడియోతో మొదలైన కథ

ఒకప్పటి వాల్వు రేడియో సెట్టు వెనక మూత తీసి చూసినవారికి అందులోని తీగల చిక్కు గుర్తుండే ఉంటుంది. ప్రతి భాగాన్నీ మరో భాగంతో చేత్తో, తీగతో కలిపి సోల్డరింగ్ చేసేవారు. ఆ తీగల స్థానంలో రాగి రేకును పలకకు అంటించి, అక్కరలేని రాగిని కరిగించి తీసేసి, మిగిలిన గీతలనే తీగలుగా వాడుకోవచ్చని చూపిన వారిలో ప్రముఖుడు ఆస్ట్రియాలో పుట్టిన ఇంజినీరు పాల్ ఐస్లర్. 1936 ప్రాంతంలో ఆయన ఇంగ్లండ్‌లో ఈ పద్ధతితో రేడియో సెట్టు తయారుచేశారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యం ఈ తరహా సాంకేతికతను ఫిరంగి గుండ్ల ఫ్యూజుల్లో వాడింది. యుద్ధం ముగిశాక అది క్రమంగా ఇళ్లలోని రేడియోలకు, టీవీలకు చేరింది.

నేటి ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు, అంటే పీసీబీ, సాధారణంగా 1.6 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. గాజు పోగుల బట్టను ఎపాక్సీతో గట్టిపరచి చేసిన పలక అది. దాని మీది రాగి పొర మందం తరచుగా 35 మైక్రాన్లు. తల వెంట్రుక మందంలో ఇది ఇంచుమించు సగం. ఆ పలుచని రాగిలో మిగిల్చిన గీతలను ట్రాకులు అంటారు. భాగాల కాళ్లను అతికించే చోట్లు ప్యాడ్లు. పై పొర నుంచి కింది పొరకు విద్యుత్తును దింపే, లోపలి గోడకు రాగి పూసిన సన్నటి రంధ్రం పేరు వయా.

ఇటువంటి బోర్డును కంప్యూటర్‌లో గీసే సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి. వాటిలో ఉచితంగా దొరికేది, విద్యార్థులు విరివిగా వాడేది కీక్యాడ్. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో అధ్యాపకుడైన జాన్ పియేర్ షరాస్ 1992లో దీనికి శ్రీకారం చుట్టారు. తర్వాతి కాలంలో యూరప్‌లోని అణు పరిశోధన సంస్థ సెర్న్ ఇంజినీర్లు కూడా దాని అభివృద్ధిలో పాలుపంచుకున్నారు. ఎన్నో ఏళ్లుగా వాడుకలో ఉన్న మరో సాఫ్ట్‌వేర్ ఈగిల్. 2026 జూన్ 7 తర్వాత దాన్ని అందుబాటులో ఉంచబోమని యజమాని సంస్థ ఆటోడెస్క్ 2023లో ప్రకటించింది. పేర్లు వేరైనా, కలవని కనెక్షన్ విషయంలో వీటన్నింటి నడక దాదాపు ఒకటే.

ఆ సన్నటి గీత ఏం చెబుతోంది?

బోర్డు డిజైన్ రెండు అంచెల్లో సాగుతుంది. ముందుగా స్కీమాటిక్ గీస్తారు. ఏ భాగం ఏ కాలు మరే కాలితో కలవాలో చెప్పే పటం అది. అందులో దూరాలతో, కొలతలతో పని లేదు. చుట్టరికం ఒక్కటే ముఖ్యం. ఒకదానితో ఒకటి కలవవలసిన కాళ్ల సముదాయాన్ని నెట్ అంటారు. రెండో అంచెలో భాగాలను బోర్డు మీద అసలైన కొలతలతో అమర్చి, రాగి ట్రాకులతో వాటిని కలుపుతారు.

ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడాను సాఫ్ట్‌వేర్ సన్నటి గీతలుగా చూపుతుంది. ‘ఇవి కలవాలని పటంలో చెప్పారు, రాగిలో ఇంకా కలపలేదు’ అని ఒక్కొక్క గీత అర్థం. తొలిదశలో ఈ గీతలు ఒకదానిమీద ఒకటి పడి చిక్కుముడిలా ఉంటాయి. అందుకే డిజైనర్లు వీటికి రాట్స్‌నెస్ట్, అంటే ఎలుక గూడు, అని పేరు పెట్టారు. ఒక్కొక్క గీతను ఎయిర్‌వైర్ అంటారు.

ఇక్కడ గ్రహించవలసిన సంగతి ఒకటుంది. ఎయిర్‌వైర్ ట్రాకు వెళ్లవలసిన దారిని చూపదు. ఒక నెట్‌లో విడివిడిగా ఉండిపోయిన గుంపులు ఎన్ని ఉన్నాయో చూసి, వాటి మధ్య అతి దగ్గరగా ఉన్న బిందువులను కలుపుతూ సాఫ్ట్‌వేర్ ఆ గీత గీస్తుంది. గ్రౌండ్ నెట్‌లో 18 ప్యాడ్లు ఉంటే, మొదట 17 ఎయిర్‌వైర్లు కనిపిస్తాయి. ఒక్కొక్కటీ కలుపుతూ పోతే ఆ సంఖ్య తగ్గుతుంది. చివరికి ఒకటి మిగిలిందంటే ఒక ప్యాడ్‌ను మరిచిపోయామనే కాదు, ఆ నెట్ రెండు ముక్కలుగా ఉండిపోయిందని అర్థం. ఒక్కో ముక్కలో ఎన్నో ప్యాడ్లు ఉండవచ్చు.

అందువల్ల గీత కనిపించిన చోట మాత్రమే వెతికితే చాలదు. ఆ నెట్ మొత్తాన్ని తెరమీద వెలిగించి, రెండు ముక్కలూ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తున్నాయో చూడాలి.

ముందుగా చేయవలసిన మూడు పనులు

వెతుకులాటకు దిగే ముందు, సాఫ్ట్‌వేర్ చూపుతున్న లెక్క తాజాదేనా అన్నది తేల్చుకోవాలి.

మొదటిది, స్కీమాటిక్‌లో చేసిన మార్పులన్నీ బోర్డుకు చేరాయో లేదో చూడాలి. కీక్యాడ్‌లో ఇందుకు స్కీమాటిక్ నుంచి బోర్డును నవీకరించే ఆదేశం ఉంటుంది. పటంలో ఒక కాలిని మార్చి, బోర్డుకు ఆ మార్పు చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ పాత చుట్టరికాన్నే పట్టుకుని ఉంటుంది.

రెండోది, రాగి నింపిన ప్రాంతాలను మళ్లీ నింపమనాలి. కీక్యాడ్‌లో కీబోర్డు మీద బి అక్షరం నొక్కితే ఈ పని జరుగుతుంది. ఈగిల్‌లో రాట్స్‌నెస్ట్ ఆదేశమే దీన్ని కూడా చేస్తుంది. ట్రాకులు మార్చిన తర్వాత రాగి ప్రాంతాన్ని తిరిగి నింపకపోతే, ఉన్న కనెక్షన్ లేనట్టూ, లేనిది ఉన్నట్టూ కనిపించవచ్చు.

మూడోది, డిజైన్ నియమాల తనిఖీ. దీన్నే డీఆర్‌సీ అంటారు. కీక్యాడ్‌లో ఈ తనిఖీ ఫలితాల్లో కలవని కనెక్షన్లకు ప్రత్యేక జాబితా ఉంటుంది. అందులోని వరుసమీద క్లిక్ చేస్తే తెర నేరుగా ఆ చోటికి వెళుతుంది. వందల ట్రాకుల మధ్య కంటితో వెతకడం కన్నా ఇది ఎంతో మేలు.

ఈ మూడూ చేశాక కూడా ఆ అంకె మిగిలే ఉంటే, అప్పుడు కారణం వెతకాలి. తరచుగా ఎదురయ్యేవి ఇవి.

తాకినట్టే ఉంటుంది, తాకదు

ట్రాకు ప్యాడ్ దాకా వచ్చినట్టే కనిపిస్తుంది. బాగా పెద్దది చేసి చూస్తే వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయి ఉంటుంది. తెరమీద గీతల మందం ఈ ఎడాన్ని కప్పేస్తుంది. ట్రాకు చివరి బిందువు ప్యాడ్ పరిధిలోకి రాకపోతే, అంచులు ఒరుసుకున్నా కనెక్షన్‌గా లెక్కించని సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి.

కొలతల తేడా ఇందుకు తరచుగా కారణమవుతుంది. ఎలక్ట్రానిక్ భాగాల్లో చాలావాటి కాళ్ల మధ్య దూరం అంగుళంలో పదో వంతు, అంటే 2.54 మిల్లీమీటర్లు. డిజైనర్ మిల్లీమీటర్ గడుల మీద గీస్తూ పోతే ఆ బిందువులు గడి మూలలకు సరిపడవు. ఆ చివరి ముక్కను తీసేసి, గడిని మార్చి, ప్యాడ్ నడిబొడ్డు నుంచి మళ్లీ గీయడమే పరిష్కారం.

ఒకే చోట, వేర్వేరు అంతస్తుల్లో

రెండు ట్రాకులు ఒకే బిందువు దగ్గర కలుస్తున్నట్టు కనిపిస్తాయి. కానీ ఒకటి పై పొరలో, రెండోది కింది పొరలో ఉంటుంది. మేడమీది గదిలో ఒకరు, సరిగ్గా దాని కిందిగదిలో మరొకరు నిలబడితే పైనుంచి చూసేవారికి ఇద్దరూ ఒకే చోట ఉన్నట్టే. మధ్యలో మెట్లు లేకపోతే మాత్రం ఒకరినొకరు చేరలేరు. ఇక్కడ ఆ మెట్ల పని చేసేది వయా.

ఇలాంటి సందర్భంలో ఎయిర్‌వైర్ పొడవు సున్నా. పొడవే లేని గీత కంటికి ఎలా కనిపిస్తుంది? అందుకే ఈగిల్ అటువంటి చోట చిన్న ఇంటూ గుర్తు వేస్తుంది. ఒక్కొక్క పొరనే తెరమీద ఉంచి, మిగతావాటిని మరుగుపరచి చూస్తే ఈ లోపం త్వరగా దొరుకుతుంది. ఆ బిందువులో వయా పెడితే సరిపోతుంది.

నీరందని మడి

గ్రౌండ్ కనెక్షన్లను ఒక్కొక్కటిగా ట్రాకులతో కలపకుండా, ఖాళీగా ఉన్న చోటంతా రాగితో నింపేయడం సాధారణ పద్ధతి. దీన్ని పొలంలో మడికి నీరు పెట్టడంతో పోల్చవచ్చు. నీరు వదిలితే మడి అంతా పారుతుంది. మధ్యలో గట్టు వేస్తే మాత్రం అవతలి తుంపుకు నీరందదు. బోర్డు మీద ఆ గట్లు వేసేవి ఇతర ట్రాకులు. ప్రతి ట్రాకు చుట్టూ సాఫ్ట్‌వేర్ కొంత ఎడం వదులుతుంది. రెండు మూడు ట్రాకులు చుట్టుముట్టిన చోట రాగి దీవిలా విడిపోతుంది. ఆ దీవిలో ఒక గ్రౌండ్ ప్యాడ్ ఉందంటే అది ఒంటరిదైనట్టే.

ఈ లోపం కంటిని సులభంగా మోసగిస్తుంది. ఎందుకంటే దీవికీ, మిగతా ప్రాంతానికీ తెరమీద రంగు ఒకటే. నిండుగా కనిపించే రాగిలో ఎయిర్‌వైర్ కూడా కలిసిపోతుంది.

దీనికి మూడు పరిష్కారాలున్నాయి. అడ్డుగా ఉన్న ట్రాకును కాస్త పక్కకు జరిపి రాగికి దారి ఇవ్వవచ్చు. దీవిలో వయా పెట్టి, మరో పొరలోని గ్రౌండ్‌తో కలపవచ్చు. లేదా మరో పొర మీదుగా విడిగా ట్రాకు గీయవచ్చు. ఆ రాగి ప్రాంతానికి సరైన నెట్ పేరు ఇచ్చారో లేదో కూడా చూసుకోవాలి. పేరు లేని రాగి, ఎంత విస్తీర్ణంలో ఉన్నా, ఎవరినీ కలపదు.

దారే దొరకనప్పుడు

కొన్నిసార్లు లోపం ఎక్కడుందో స్పష్టంగా తెలుస్తుంది. కలపడానికే చోటుండదు. చుట్టూ ట్రాకులు కిక్కిరిసి ఉంటాయి. ఇలాంటి చోట ఆ ఒక్క గీతతో కుస్తీ పట్టే కన్నా, భాగాల అమరికను తిరిగి చూడటం మంచిది. ఒక భాగాన్ని తిప్పి పెడితే నాలుగు గీతల చిక్కు ఒక్కసారిగా విడిపోవచ్చు. మైక్రోకంట్రోలర్‌లో ఒకే పని చేయగల కాళ్లు చాలా ఉంటాయి కాబట్టి, స్కీమాటిక్‌లో కాలిని మార్చుకోవచ్చు. సున్నా ఓం రెసిస్టర్‌ను వంతెనలా పెట్టి ఒక ట్రాకును మరోదాని మీదుగా దాటించవచ్చు. ఇవేవీ కుదరకపోతే పొరల సంఖ్య పెంచాలి. అయితే ఖర్చు పెరుగుతుంది.

ఏం చేయకూడదు?

అంకెను సున్నా చేయడం వేరు, లోపాన్ని సరిచేయడం వేరు. ఎయిర్‌వైర్లను తెరమీద కనిపించకుండా దాచే సదుపాయం ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంది. గ్రౌండ్ గీతలను తాత్కాలికంగా దాచుకుని పనిచేయడం తప్పు కాదు. వాటిని తిరిగి చూడటం మరచిపోవడమే తప్పు. తనిఖీలో వచ్చిన హెచ్చరికను మినహాయింపుల జాబితాలో వేసేయడం, ట్రాకుల మధ్య ఉండవలసిన కనీస దూరాన్ని తయారీదారు చెప్పిన పరిమితి కన్నా తగ్గించి దారి చేసుకోవడం కూడా అటువంటివే. రెండో పని వల్ల కలవవలసినవి కలిసినా, కలవకూడనివి కూడా కలిసిపోయే ముప్పుంది.

సున్నా వచ్చినా ధీమా పనికిరాదు

ఇంతవరకూ చెప్పినది సాఫ్ట్‌వేర్ లోపాన్ని చూపగలిగిన సందర్భాల గురించి. అది చూపలేనివీ ఉన్నాయి. స్కీమాటిక్‌లో ఒక చోట నెట్‌కు ఒక పేరు, మరో చోట ఒక్క అక్షరం తేడాతో వేరే పేరు పెడితే, సాఫ్ట్‌వేర్ దృష్టిలో అవి రెండు వేర్వేరు నెట్లు. వాటిని కలపాలని దానికి ఎవరూ చెప్పలేదు. కాబట్టి ఎయిర్‌వైర్ గీయదు. లెక్క సున్నా చూపుతుంది, కనెక్షన్ మాత్రం ఉండదు.

ట్రాన్సిస్టర్ లాంటి భాగాల విషయంలోనూ ఇలా జరుగుతుంది. పటంలో కాళ్లకు అక్షరాలు, బోర్డు మీది ప్యాడ్లకు అంకెలు ఇచ్చి ఉంటే ఏది దేనిదో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. స్కీమాటిక్ నుంచి బోర్డును నవీకరించేటప్పుడు ఆ విషయమై సందేశం వస్తుంది. చాలామంది దాన్ని చదవకుండానే కిటికీ మూసేస్తారు. అందుకే స్కీమాటిక్‌కు విడిగా విద్యుత్ నియమాల తనిఖీ చేయాలి. కాగితం మీద పటం పెట్టుకుని ముఖ్యమైన నెట్లను ఒక్కొక్కటిగా టిక్కు పెట్టుకుంటూ సరిచూసుకోవడం పాత పద్ధతే అయినా నేటికీ నమ్మదగినది.

ఫ్యాక్టరీలో దొరకదా?

బోర్డులకు ఫ్యాక్టరీలో విద్యుత్ పరీక్ష చేస్తారు కదా, అక్కడ తెలిసిపోదా అని సందేహం రావచ్చు. తయారీదారుకు సాధారణంగా అందేది గెర్బర్ ఫైళ్లు. ఏ పొరలో ఎక్కడ రాగి ఉండాలో మాత్రమే అవి చెబుతాయి. ఆ బొమ్మ ప్రకారం బోర్డు వచ్చిందా లేదా అన్నదే అక్కడి పరీక్ష. బొమ్మలోనే లేని కనెక్షన్ బోర్డులో లేకపోతే, పరీక్ష లెక్కలో ఆ బోర్డు నూటికి నూరుపాళ్లు సరైనదే. డిజైన్ నుంచి తీసిన నెట్ల జాబితాను కూడా విడిగా పంపి, పోల్చి చూడమని కోరితే ఇటువంటి లోపం అక్కడ బయటపడే అవకాశం ఉంటుంది.

బోర్డు ఇప్పటికే చేతికి వచ్చేసి ఉంటే, పైతొడుగున్న సన్నటి తీగతో రెండు బిందువులనూ కలిపి సోల్డరింగ్ చేయవచ్చు. ఒకటి రెండు నమూనా బోర్డులకైతే ఇది చెల్లుతుంది. వేల సంఖ్యలో తయారయ్యే వస్తువుకు చెల్లదు.

మన దగ్గర ఎందుకు ముఖ్యం?

ఎలక్ట్రానిక్ విడిభాగాల తయారీని దేశంలో పెంచేందుకు 2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గం రూ. 22,919 కోట్ల పథకాన్ని ఆమోదించింది. బహుళ పొరల సర్క్యూట్ బోర్డులు కూడా ఆ పథకం పరిధిలో ఉన్నాయి. ఫ్యాక్టరీలు రావడం ఒక ఎత్తు, వాటికి తప్పులేని డిజైన్లు ఇవ్వగల యువత తయారుకావడం మరో ఎత్తు. నేర్చుకోవడానికి ఖరీదైన సాఫ్ట్‌వేరే ఉండాలన్న నియమం లేదు. ఐఐటీ బొంబాయిలోని ఫోసీ ప్రాజెక్టు రూపొందించిన ఈసిమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కూడా కీక్యాడ్ భాగంగా ఉంది. ఇంటర్నెట్, ఓ మోస్తరు కంప్యూటర్ ఉన్న ఏ కళాశాల విద్యార్థి అయినా సాధన చేయవచ్చు.

మళ్లీ ఆ హాస్టల్ గదికి వద్దాం. ఆమె రాగిని తిరిగి నింపింది. తనిఖీ నడిపింది. జాబితాలోని ఒకే ఒక్క వరుసమీద క్లిక్ చేసింది. తెర సెన్సర్ కనెక్టర్ దగ్గర ఆగింది. గ్రౌండ్ నెట్‌ను వెలిగించి, కింది పొరను మాత్రమే ఉంచి చూసింది. కనెక్టర్ గ్రౌండ్ ప్యాడ్ చుట్టూ రాగి నిండుగానే ఉంది. కానీ రెండు ట్రాకులు దాన్ని గట్టుకట్టినట్టు చుట్టేశాయి. ఒక ట్రాకును ఒక మిల్లీమీటరు పక్కకు జరిపింది. మళ్లీ నింపింది. రాగి ఆ సందులోంచి పారింది. అంకె సున్నా అయింది.

అయినా ఆమె ఫైళ్లు అప్పుడే పంపలేదు. స్కీమాటిక్ తెరిచి, ఒక్కొక్క నెట్ పేరూ చదవడం మొదలుపెట్టింది.